1.31 తేడా

నిద్ర పట్టడం లేదు. ఈయన మాత్రం ఆ మాట అనేసి హాయిగా పడుకున్నారు.

రాత్రి భోజనాల దగ్గర చిన్నవాడు ఫోనులో వాంకూవర్ ఒలింపిక్స్ వీడియో పెట్టుకుని కూర్చున్నాడు. 2010 నాటి పురుషుల ఫిగర్ స్కేటింగ్. వాడికి ఇప్పుడు అమెరికన్ స్కేటర్ ఇలియా మాలినిన్ తప్ప లోకంలో ఇంకెవరూ కనిపించరని మీకు తెలుసు. "అమ్మా, నాలుగు చుట్లు ఒక్కసారి కూడా తిరగనివాడికి ఒలింపిక్ స్వర్ణం ఎలా ఇచ్చారు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఈయన పెరుగన్నం కలుపుకుంటూ, "జడ్జీలు ఎవరికి ఇవ్వాలో ముందే అనుకుంటారు నాన్నా, తర్వాత దానికి సరిపడా మార్కులు వేస్తారు. ఒకటిన్నర మార్కు తేడాతో బంగారం అంటే అంతే కదా" అన్నారు.

ఒకటిన్నర కాదు, 1.31. బంగారం గెలిచిన అమెరికన్ ఇవాన్ లైసాచెక్ 257.67, రెండో స్థానంలో నిలిచిన రష్యన్ యెవ్గెనీ ప్లషెంకో 256.36.

ఆట చూడనివాళ్లు ఆట గురించి తీర్పు చెబితే నాకు బాధ లేదు. చూడరు కాబట్టి తెలియదు, అక్కడితో సరి. ఆ పోటీ మార్కుల పట్టిక మొత్తం, ఏ గెంతుకు ఎంత వేశారో వరుసగా, అందరికీ దొరుకుతుంది. "ఇదిగో, ఒక్కసారి చూడండి" అని ఫోను ముందు పెడితే "అవన్నీ నాకెందుకులే" అన్నారు. అప్పుడే ఒళ్లు మండింది. చూడటానికి ఉన్నదాన్ని చూడనంటారు, కానీ మోసం జరిగిందని మాత్రం ఖాయంగా చెప్పేస్తారు! బ్యాంకులో ఒక్క సున్నా తేడా వస్తే సాయంత్రం దాకా ఇల్లు చేరని మనిషి, ఇంకొకరి లెక్కను విప్పి చూడకుండానే దొంగలెక్క అని కొట్టిపారేశారు. దానికి తోడు చిన్నవాడు నిజమేనన్నట్టు తల ఊపాడు. వాడి ముందు అలా అనడమే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

ఈయన అనుమానానికి ఆధారమే లేదని నేననను. ఆ రోజుల్లో ఏ నిలువు వరుస ఏ జడ్జిదో పట్టికలో తెలిసేది కాదు. పేర్లు దాచే ఆ పద్ధతిని 2016లో గానీ ఎత్తేయలేదు. పైగా ఆ ఒలింపిక్స్‌కు ముందు ఒక అమెరికన్ జడ్జి, ప్లషెంకో గెంతుల మధ్య అల్లిక పలచగా ఉంటుందన్న సంగతిని తోటివారికి ఈమెయిల్లో రాశాడని పెద్ద దుమారం రేగింది. సరే, కుట్ర అనేది ఉంటే కాంపొనెంట్ మార్కుల్లోనే, అంటే స్కేటింగ్ నైపుణ్యానికీ కళకీ వేసే మార్కుల్లోనే కదా కనిపించాలి? జడ్జీల అభిరుచికి అన్నిటికంటే ఎక్కువ చోటున్నది అక్కడే. ఫ్రీ స్కేట్‌లో (రెండు భాగాల పోటీలో రెండోది, పెద్దది) ఆ మార్కులు లైసాచెక్‌కు 82.80. ప్లషెంకోకు కూడా 82.80. మొత్తం మీద ఆవగింజంత తేడా లేదు. మరి ఎక్కడ జరిగింది మోసం?

ఇది రాస్తుంటే కెనడాలో మేమున్న మిసిసాగా ఇంటి పెద్దావిడ గుర్తొస్తున్నారు. ఆవిడ గురించి ఇంతకుముందు రాశాను, కానీ ఆ రాత్రి సంగతి రాయలేదనుకుంటాను. మేం కింద బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. ఫిబ్రవరి చలికి ఇడ్లీ పిండి ఎంతకూ పులిసేది కాదు. ఇంటిని వేడిచేసే ఫర్నేస్ పక్కన గిన్నె పెట్టి, దాని మీద పాత స్వెట్టరు కప్పేదాన్ని. ఆ గిన్నె ఏమిటని అడగడానికి వచ్చి ఆవిడ నాకు పరిచయమయ్యారు. చిన్న వయసులో తమ ఊరి స్కేటింగ్ క్లబ్బులో పోటీలకు స్వచ్ఛందంగా లెక్కలు రాసిపెట్టేవారట. పోటీ ఏదైనా ఆవిడ ఒళ్లో ఒక రూళ్ల పుస్తకం, చేతిలో పెన్సిలు ఉండాల్సిందే.

గెంతులను వేరుచేసి గుర్తుపట్టడం నాకు నేర్పింది ఆవిడే, అదీ వంటింట్లో, నా చెప్పులతో. ముందుకు చూస్తూ లేచేది ఆక్సెల్ ఒక్కటే. అందుకే దానికి అర చుట్టు అదనం. ఎడమ కాలి బ్లేడు బయటి అంచు మీద వాలి, కుడి మునివేళ్లతో పొడిచి లేస్తే లట్జ్, అదే లోపలి అంచు మీద నుంచి లేస్తే ఫ్లిప్. ఆవిడ నా ఎడమ చెప్పును పట్టుకుని బయటికి వంచి, లోపలికి వంచి చూపించేవారు. నాకు అంచులు గుర్తుపట్టడం అలవాటయ్యాక టీవీలో వ్యాఖ్యాత చెప్పేలోపే "లట్జ్!" అని అరిచేదాన్ని. ఆవిడ అవునని తల ఊపితే ఆ రోజంతా సంతోషమే.

వాంకూవర్ ఫ్రీ స్కేట్ మాకు అర్ధరాత్రి దాకా నడిచింది. ఆవిడ ఆశలు పెట్టుకున్న కెనడా స్కేటర్ పాట్రిక్ చాన్ వంతు అప్పటికే ముగిసింది. అతను చివరికి ఐదో స్థానంలో నిలిచాడు. ఆవిడ ముఖంలో కళ లేదు, కానీ పెన్సిలు మాత్రం ఆగలేదు. పేజీ మధ్యలో అడ్డంగా గీత గీశారు. గీతకు పైన ప్రోగ్రామ్ మొదటి సగంలో వేసిన గెంతులు, కింద రెండో సగంలోవి. చివరి బృందంలో లైసాచెక్ మొదట వచ్చాడు. నల్లటి దుస్తులు, మెడ దగ్గర పాముల అలంకారం. ట్రిపుల్ (మూడు చుట్ల) లట్జ్, ట్రిపుల్ టో లూప్ (ఇంకో రకం గెంతు) జంటగా వేసి మొదలుపెట్టి, ఎక్కడా తడబడకుండా ముగించాడు. ఆఖరున ప్లషెంకో. వస్తూనే క్వాడ్ (నాలుగు చుట్ల) టో లూప్, వెంటనే ట్రిపుల్ టో లూప్. నేను సోఫాలోంచి లేచిపోయాను, ఇక బంగారం ఇతనిదేనని. ఆవిడ లేవలేదు. ఆ తర్వాత అతను కొన్ని గెంతుల్లో గాలిలోనే పక్కకు ఒరిగిపోయాడు. ఇంకెవరైనా పడిపోయేవారు. ఇతను పిల్లిలా కాళ్ల మీదే దిగాడు. అయిపోయాక ఆవిడ ఆ పేజీని నా వైపు తిప్పారు. గీత కింద లైసాచెక్‌కు ఐదు గెంతులు, ప్లషెంకోకు మూడు. "స్కోరు వచ్చేదాకా ఉండు" అన్నారు, అంతే.

రెండో సగంలో వేసిన గెంతుకు మూల విలువ (ఆ గెంతుకు రూల్లో ముందే కట్టిన ధర) మీద పది శాతం అదనం. అప్పటి రూలు అది. అలసిన కాళ్లతో గెంతడం కష్టం కాబట్టి. లైసాచెక్ బృందం ఆ రూలును చదివి ప్రోగ్రామ్ అల్లింది. ఇందులో దొంగతనం ఏముంది?

ప్లషెంకో తర్వాత అన్న మాటల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒలింపిక్ విజేతకే క్వాడ్ రాకపోతే ఇది పురుషుల స్కేటింగ్ కాదు, డాన్స్ అన్నాడు. పతకాల వేళ తన మెట్టు ఎక్కడానికి ముందు బంగారు మెట్టు ఎక్కి దిగాడు. దానికి నాలుగేళ్ల ముందు టూరిన్ ఒలింపిక్స్‌లో రెండో స్థానంలోని స్టెఫాన్ లాంబియెల్ కంటే 27 మార్కులు ఎక్కువ తెచ్చుకుని గెలిచింది కూడా ఇదే రకం లెక్కతోనే కదా. అప్పుడు లెక్క బాగానే ఉందా? కాలి నొప్పితోనో, తెలివితోనో క్వాడ్ వదిలేసి మిగతాదంతా శుభ్రంగా చేసినవాడిని ఆడంగితనం అన్నట్టు తీసిపారేయడం గొప్ప ఆటగాడికి తగిన పని కాదు. పురుషులు డాన్స్ చేయడం అంత తక్కువ పనా? కూచిపూడి ఊళ్లో ఎవరినైనా అడిగితే చెబుతారు.

సరే, ఇంతవరకు రాసి, రేపు ఈయన ముందు పెడదామని ఆ పట్టిక మళ్లీ తెరిచాను. ఎన్నోసార్లు చూసిందే. కానీ ఈసారి కన్ను మూల విలువల మొత్తం దగ్గర ఆగింది. ప్లషెంకో ఫ్రీ స్కేట్ మూల విలువ 75.03. లైసాచెక్‌ది 74.93. పదో వంతు మార్కు తేడా!

అంటే, దూకిన తీరు ఎలా ఉందో చూడకముందే, కాగితం మీదే, ప్రపంచంలో కొద్దిమందికే చేతనైన గెంతు ఉన్న ప్రోగ్రామూ, అది లేని ప్రోగ్రామూ దాదాపు సమానమని రూలు చెప్పేసింది. ఆ తర్వాత తీరుకు లైసాచెక్‌కు 9.64 కలిసింది, ప్లషెంకోకు 7.68. అది న్యాయమే, ఒరిగిపోయిన గెంతులు నేనూ చూశాను. పోటీ మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్‌లో ప్లషెంకోకున్న 0.55 ఆధిక్యం అలా కరిగిపోయింది. కానీ ఆ 0.10 దగ్గర నాకు గొంతులో ముల్లు పడింది. క్వాడ్ టో లూప్‌కు 9.8. ట్రిపుల్ ఆక్సెల్‌కు 8.2. అదే ఆక్సెల్ రెండో సగంలో వేస్తే 9.02. కెనడా స్కేటర్ కర్ట్ బ్రౌనింగ్ 1988లో బుడాపెస్ట్‌లో మొదటిసారి దిగిన ఈ క్వాడ్ గెంతుకు, ఇరవై రెండేళ్ల తర్వాత కూడా అంతమంది భయపడే గెంతుకు, ముప్పావు మార్కు ఎక్కువ! ప్లషెంకో కోపం చూపిన తీరు నాకు నచ్చదు, ఇప్పటికీ నచ్చదు. కోపానికి కారణం మాత్రం ఉంది. లెక్క వేసినవాళ్లు సరిగానే వేశారు. ధరల పట్టిక రాసినవాళ్లే క్వాడ్‌ను చవక చేశారు.

ఇలా అనుకుని పడుకోవాల్సింది. కానీ ఇప్పటి ధరలూ చూశాను. ఇప్పుడు క్వాడ్ టో లూప్ 9.5, ట్రిపుల్ ఆక్సెల్ 8.0. తేడా ఒకటిన్నరే, అప్పటికంటే ఇంకాస్త తక్కువ. అయినా అమెరికన్ నేథన్ చెన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒక్క ఫ్రీ స్కేట్‌లో ఐదు క్వాడ్‌లు వేశాడు. మాలినిన్ 2022లో లేక్ ప్లాసిడ్‌లో క్వాడ్ ఆక్సెల్ దిగాడు. ధర పెరగకుండానే ఇంతమంది ఎలా వేస్తున్నారు?

నాకు తోచింది ఇది. దూకిన తీరుకు ఇచ్చే మార్కులు 2018 నుంచి మూల విలువలో శాతంగా మారాయి కాబట్టి పెద్ద గెంతు బాగా వేస్తే పెద్దగా కలుస్తుంది. అది ఒకటి. అంతకంటే ముఖ్యం, దాన్ని సరిగా వేయలేకపోతే పడే దెబ్బ. వాంకూవర్ నాటికి క్వాడ్ పావు చుట్టు మించి తక్కువైతే దాన్ని ట్రిపుల్‌గా లెక్కించేవారు. 9.8 కాస్తా 4.0 అయ్యేది, దాని మీద తీరుకు మళ్లీ కోత, పడితే ఇంకో మార్కు కోత. ఆ రూలు కింద పిల్లలు క్వాడ్ జోలికి ఎందుకు వెళ్తారు? ఆ వేసవిలోనే రూలు మార్చారు. అర చుట్టు కంటే తక్కువ లోపం ఉంటే 70 శాతం విలువ మిగిల్చారు. 10.3కు పెంచిన క్వాడ్ టో లూప్ అలా తగ్గినా 7.2 ఉండేది. నాలుగు ఎక్కడ, ఏడు ఎక్కడ! గెలిచినవాడికి ఇచ్చేదాన్ని బట్టి కాదు, తప్పినవాడి దగ్గర లాక్కునేదాన్ని బట్టే ఆ తరం క్వాడ్‌కు దూరంగా ఉందని నాకిప్పుడు అనిపిస్తోంది. ప్లషెంకో కూడా ఈ సంగతి అడిగి ఉంటే బాగుండేది.

మధ్యలో ఇంకొకటి. అదే 2010 నవంబరులో మన హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామ గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, చక్రాల మీద. అక్కడా ఇవే ఆక్సెల్‌లు, ఇవే సాల్కోవ్‌లు. చిన్నవాడికి ఈ సంగతి చెబితే నమ్మలేదు. ఆసియా క్రీడల పతకమంటే క్రికెట్ కప్పు కంటే తక్కువన్నట్టు చూశాడు. దానికీ ఒక టపా ఉంది, ఇంకో రోజు.

ఈయనకు పట్టిక చూపించే ఆలోచన మానుకున్నాను. చిన్నవాడికి మాత్రం రేపు ప్లషెంకోను కాదు, అదే పోటీలోని జపాన్ స్కేటర్ దైసుకే తకహాషిని చూపిస్తాను. షార్ట్ ప్రోగ్రామ్ తర్వాత 90.25తో లైసాచెక్ కంటే 0.05 మాత్రమే వెనక ఉన్నాడు. మోకాలి శస్త్రచికిత్స నుంచి కోలుకుని వచ్చినవాడు. ఆ స్థితిలో, తప్పితే ఏం పోతుందో తెలిసీ, ఫ్రీ స్కేట్‌లో మొట్టమొదట క్వాడ్‌కే లేచాడు. పడ్డాడు. లేచి మిగతాదంతా చేసి 247.23తో కాంస్యం అందుకున్నాడు. జపాన్ పురుషులకు సింగిల్స్‌లో అదే తొలి ఒలింపిక్ పతకం. వాడు "అయితే క్వాడ్ వేయకుండా ఉంటే గెలిచేవాడా అమ్మా?" అని తప్పకుండా అడుగుతాడు. పెన్సిలూ కాగితమూ తెచ్చుకోమంటాను.