అనపకాయల్లో పురుగు

బెంగళూరులో అనపకాయల (సొరకాయ కాదు, గింజల కోసం వలిచే చిక్కుడు జాతి కాయ) సీజన్ కదా, మడివాళ మార్కెట్ నుంచి తెచ్చి వలుస్తుంటే అక్కడక్కడా పురుగు కనిపించింది, పక్కింటి అక్క "మందు కొట్టలేదేమో" అంది. కొట్టినా అన్నిటికీ తగలదు అక్కా. శనగపచ్చ పురుగు తల మాత్రం కాయలోకి దూర్చి, ఒళ్లంతా బయటే ఉంచి గింజ తింటుంది, ఒక కాయ అయ్యాక ఇంకోదానికి పోతుంది, కాబట్టి చేత్తో ఏరేయొచ్చు, పిట్టలూ తింటాయి. మరుకా మచ్చల పురుగు అలా కాదు. మొగ్గలు, పూలు, లేత కాయలు కలిపి గూడు అల్లుకుని లోపల కూర్చునే తింటుంది, అక్కడికి మందు సరిగా చేరదు. అందుకే పూత మొదలవగానే, గూళ్లు కట్టకముందే చేను చూసుకోవాలి. మా చిత్తూరు వైపు రైతుల కష్టం చూసినదాన్ని, ఒక్క పురుగుకే సంచి మొత్తం పారేస్తే నాకు నిజంగా బాధేస్తుంది. తిన్న గింజ తీసేయండి, మిగతావి నానబెట్టి, తొక్క పితికి తీసేసి పితికిపప్పు చేసుకోండి.