దూకడమే లేని ఆట

కావలిలో ఎండాకాలం కరెంటు పోతే నేనూ మా తమ్ముడూ ల్యాప్‌టాప్‌లో ఆడేది ‘వీవీవీవీవీవీ’. టెర్రీ కవనా 2010లో తెచ్చిన ఈ ఆటలో దూకడం ఉండదు. బటన్ నొక్కితే మనవాడు తలకిందులై పైకప్పు మీద పడతాడు, అంతే. ఒకచోట మోకాలెత్తు దిమ్మె ఉంది. దాన్ని దాటాలంటే ముళ్ల మధ్య గది తర్వాత గది పైకెళ్లి, అదే దారిన కిందికి రావాలి. పక్కనుంచి తమ్ముడు “ఎడంపక్కకి రా అన్నా!” అని అరుస్తుంటే ఒకటే టెన్షన్. చచ్చినా వెంటనే దగ్గర్లోని చెక్‌పాయింట్‌లో లేస్తాం, అందుకే విసుగు రాదు. మాగ్నస్ పాల్సన్ సంగీతం అదరహో.

మ్యాపే నచ్చలేదు. తప్పిపోయిన మన అంతరిక్ష నౌక సిబ్బందిని వెతుకుతూ ఖాళీ గదుల్లో ఊరికే తిరగాలి. కథా పలచనే. తొందరగా అయిపోతుందంటారు గానీ, ఇంకా సాగదీస్తే ఆ ఒక్క కిటుకూ పాతబడిపోయేది.