అమెజాన్ లాంచీలో ఐమూల నిద్ర

బ్రెజిల్‌లోని మనౌస్ రేవు దగ్గరి కొట్టులో పడుకునే ఉయ్యాల కోసం "రెడే, రెడే" అని నాలుగుసార్లు అడిగాను. కొట్టావిడకి అర్థం కాలేదు. ఆఖరికి రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒళ్ళు అటూ ఇటూ ఊపి చూపించాను. "ఆఁ... హెజి!" అంది. అక్షరాలు చూసి చదువుకుని వెళ్తే ఇంతే. బ్రెజిల్‌వాళ్ళు మాట మొదట్లో 'ర'ని 'హ'లా పలుకుతారు, చివరి 'డె' వాళ్ళ నోట్లో 'జి' అయిపోతుంది. ఆ మాటకి అసలు అర్థం వల. 1500లో పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ తీరాన దిగినప్పుడు, అక్కడివాళ్ళు పడుకునే ఈ వస్తువుకి తమ భాషలో పేరు లేక చేపల వల పేరే పెట్టేశారు. ఇంగ్లీషు 'హమాక్' వేరే దారిలో వచ్చింది, కరీబియన్ దీవుల్లోని తాయినో తెగవాళ్ళ మాట అది. మనమూ వల ఉయ్యాల అంటున్నాం కాబట్టి ఈ విషయంలో పోర్చుగీసు జట్టే.

నేను కొన్నది మాత్రం వల కాదు, దళసరి నూలు గుడ్డ. 90 రియాళ్ళు, మన లెక్కలో పద్నాలుగు వందల పైచిలుకు. తాళ్ళు విడిగా కొనుక్కోవాలి. ఆ సంగతి కొట్టావిడే గుర్తు చేసింది.

ఆఫీసు పని మీద సావో పౌలో వచ్చి, మిగిలిన సెలవులన్నీ కలిపేసి ఇలా పైకొచ్చాను. మనౌస్ నుంచి బెలేం దాకా నది మీద దాదాపు 1,600 కిలోమీటర్లు, నాలుగు రాత్రులు. గదులున్నాయి గానీ ఎక్కువమంది ఎవరి ఉయ్యాల వాళ్ళు తెచ్చుకుని డెక్ మీద కట్టుకుంటారు. ఈ మాట ఫోనులో చెప్పగానే మా ఆవిడ, "ముప్ఫై రెండు వేల పరుపు మీద పడుకుంటేనే పొద్దున్న గోడ పట్టుకుని లేస్తారు, నాలుగు రాత్రులు గుడ్డలో వేలాడి నడుముతో తిరిగొస్తారా?" అంది. ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. నాలుగేళ్ళుగా నా నడుము నా మాట వినడం లేదు. ఎమ్మారై చూసిన డాక్టరు డిస్కులన్నీ బాగానే ఉన్నాయి, కూర్చునే తీరే బాగోలేదు అన్నాడు.

లాంచీ అనగానే పాపికొండల లాంచీ ఊహించుకున్నాను. కాదు. మూడంతస్తుల ఇనుప పడవ. కింద అరటి గెలలు, ఫ్రిజ్‌లు, మోటారు సైకిళ్ళు. మధ్య అంతస్తులో పైకప్పు కింద పొడవునా ఇనుప కడ్డీలు, కడ్డీలకి కొక్కేలు. మధ్యాహ్నం పన్నెండుకి బయల్దేరే పడవకి తొమ్మిదింటికే వెళ్ళాను, అప్పటికే సగం నిండిపోయింది. వెనక వైపు చోటు ఖాళీగా ఉంటే అదృష్టం అనుకున్నాను. ఇంజను, వంటగది, మరుగుదొడ్లు అన్నీ అక్కడే ఉన్నాయని ఓ కుర్రాడు ముక్కు మూసుకుని చూపించాడు. ముందుకి జరిగి, ఒక పెద్దావిడ ఉయ్యాలకీ ఇద్దరు పిల్లల ఉయ్యాలకీ మధ్య దూరాను. పాత రోజుల్లో ఇంగ్లీషు యుద్ధనౌకల్లో ఒక్కో నావికుడి ఉయ్యాలకి 14 అంగుళాల వెడల్పు ఇచ్చేవారని చదివాను. సాయంత్రానికి మా డెక్ మీద లెక్క అంతకంటే గొప్పగా ఏమీ లేదు.

మనౌస్ దాటగానే నల్లటి నీగ్రో నది, మట్టి రంగు సోలిమోయిస్ (అమెజాన్‌కే అక్కడిదాకా ఆ పేరు) పక్కపక్కనే ఆరు కిలోమీటర్ల దాకా కలవకుండా పారుతాయి. వేడిలో, వేగంలో, చిక్కదనంలో తేడా. అందరూ కటకటాల దగ్గరికి పరుగెత్తి ఫోటోలు తీశారు, నేనూ తీశాను. ఆ ఫోటోలు ఎవరివైనా ఒకటే.

రాత్రి సంగతికి వస్తాను. తాడు ఎంత బిగిస్తే అంత గట్టి అనుకుని, బట్టలారేసే దండెంలా లాగి కట్టాను. ఎక్కి పడుకోగానే గుడ్డ రెండు అంచులూ మొహం మీద మూసుకున్నాయి. కజ్జికాయలో కొబ్బరి కోరులా ఉంది నా పరిస్థితి. భుజాలు ముందుకి నొక్కుకుపోయాయి, గడ్డం ఛాతీకి ఆనింది. పక్కకి తిరుగుదామంటే ఉయ్యాల మొత్తం నాతో తిరుగుతోంది. ఒంటిగంటకి కాళ్ళ వైపు ముడి మెల్లగా, శబ్దం లేకుండా జారింది. ధన్ మని పడలేదు, అదే ఘోరం. కాళ్ళు నేలకి ఆనేదాకా లిఫ్టులో దిగినట్టు దిగాను. పిల్లలిద్దరూ నిద్ర లేచి మరీ నవ్వారు.

పక్క ఉయ్యాల పెద్దావిడ లేచింది. డెబ్భై దాటి ఉంటాయి. మాట్లాడకుండా నా తాళ్ళు రెండూ విప్పేసింది. కొక్కేనికి రెండు చుట్లు చుట్టి, కొసని మడతపెట్టి చుట్టు కిందినుంచి దూర్చి లాగింది. మన జారుముడే. బరువు పడితే బిగుస్తుంది, కొస లాగితే ఊడుతుంది. ఉయ్యాలని బాగా కిందికి, వేలాడేటట్టు వదిలింది. తర్వాత నన్ను ఎక్కమని, చీలమండలు పట్టుకుని ఒక పక్కకి జరిపింది, తలని ఇంకో పక్కకి నెట్టింది. "అసీం, మెవు ఫిల్యు" అంది. ఇలాగ నాయనా, అని.

ఐమూలగా. అంతే కిటుకు. గుడ్డ పొడవునా నిటారుగా పడుకుంటే ఒళ్ళు అరటిపండులా వంగుతుంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకి పడుకుంటే అంచులు పక్కలకి పరుచుకుని, మధ్యలో దాదాపు చదునైన పడక తయారవుతుంది. అందుకే ఉయ్యాల వెడల్పుగా ఉండాలి, అందుకే తాడు వదులుగా ఉండాలి. బిగించి కట్టడంలో ఇంకో మోసం ఉంది, మర్నాడు ఖాళీగా కూర్చుని లెక్క వేశాను. తాడు అడ్డగీత నుంచి ముప్ఫై డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో తాడు మీద పడే లాగుడు సరిగ్గా మనిషి బరువంత, నాకైతే 78 కిలోలు. పది డిగ్రీలకి బిగిస్తే అదే మనిషికి దాదాపు 225 కిలోలు అవుతుంది. పాపం ముడి తప్పేం లేదు.

రెండో రాత్రి నుంచి పడుకున్నాను. నిజంగా పడుకున్నాను. పరుపు మీదయితే తుంటి దగ్గర, భుజం దగ్గర ఒత్తుకుని గంటకోసారి పొర్లుతాను. ఇక్కడ గుడ్డే నా ఒంటి తీరుకి వంగింది, బరువు ఎక్కడా ఒకేచోట పడలేదు. మోకాళ్ళు కాస్త వంగి, తలా కాళ్ళూ కాస్త ఎత్తులో ఉంటాయి. మూడో రోజు పొద్దున లేచి పళ్ళు తోముకుంటుండగా, ఏదో తక్కువైందే అనిపించింది. నడుం నొప్పి. నా ఒక్కడి నడుము సంగతే చెబుతున్నాను, మందు చీటీ రాయడం లేదు.

ఊపు గురించి మాత్రం నా ఒక్కడి మాట కాదు. జెనీవా పరిశోధకులు 2011లో పన్నెండుమంది మగవాళ్ళని మధ్యాహ్నం 45 నిమిషాలు, నాలుగు సెకన్లకోసారి మెల్లగా ఊగే మంచం మీద పడుకోబెట్టారు. కదలని మంచం కంటే త్వరగా కునుకు పట్టింది. 2019లో పద్దెనిమిదిమందితో రాత్రంతా చూస్తే గాఢనిద్ర సేపు పెరిగింది, మధ్యలో మెలకువలు తగ్గాయి. అయితే అది మోటారుతో ఊగే మంచం, ఉయ్యాల కాదు. పైగా వాళ్ళంతా ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసువాళ్ళు. మన ఉయ్యాల ఎక్కిన కాసేపటికి ఊగడం ఆపేస్తుంది. కానీ పడవలో ఆ బెంగ లేదు. నది తిరిగినప్పుడల్లా వంద ఉయ్యాలలూ ఒకేసారి ఒకే పక్కకి వాలి, ఒకేసారి తిరిగొస్తాయి. ఒకళ్ళు కదిలితే ఆ కదలిక మోచేతి మీదుగా పక్కవాళ్ళకి, వాళ్ళనుంచి ఆ పక్కకి వెళ్తుంది. మూడో ఉయ్యాలలో పసిబిడ్డని తల్లి ఊపితే నాకూ నిద్రొచ్చేది.

వేడి దేశాలకి ఇది ఎందుకు సరిపోయిందో అర్థమైంది. వీపు కింద గాలి ఆడుతుంది, చెమట పట్టదు. పురుగూ పుట్రా నేల మీదే ఉంటాయి. పడవ సాగుతున్నంతసేపు గాలికి దోమలు కూడా లేవు, రేవుల్లో ఆగినప్పుడే దాడి. (పసుపు జ్వరం టీకా మాత్రం మర్చిపోకండి. బ్రెజిల్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ కార్డు అడుగుతారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఉండాలి.) ఆ గాలే తెల్లవారుజామున శత్రువు. మీద దుప్పటి ఎంత కప్పుకున్నా చలి వీపులోంచి ఎక్కుతుంది. పెద్దావిడ దుప్పటిని కింద పరుచుకుని పైకి చుట్టుకునేది. నేను రెండు రోజులు వణికాక గమనించాను.

అందరికీ పడదు. బోర్లా పడుకునేవాళ్ళు ఆశ వదులుకోవాలి. మోకాళ్ళు అరిగినవాళ్ళకి దిగడం ఒక యుద్ధం. చీర ఉయ్యాలలో పెరిగిన జాతి మనది, అయినా ఏడాది లోపు పిల్లల్ని రాత్రంతా నిద్రకి చదునైన గట్టి పడక మీదే వేయాలని పిల్లల డాక్టర్లు చెబుతారు.

భోజనం అన్నం, చిక్కుడు గింజలు, కోడి, పైన చల్లుకోవడానికి ఫరీన్యా అనే పొడి. నోట్లో వేసుకోగానే తెలిసిన రుచి. కర్రపెండలం! మాది పెద్దాపురం, సగ్గుబియ్యం మిల్లుల మధ్య పెరిగాను. ఆ దుంప పుట్టిల్లు ఇదే. పెద్దావిడకి ఫోను తర్జుమాలో చెబితే, మీరు దాన్ని గుండ్రంగా పూసల్లా ఎందుకు చేస్తారని అడిగింది. పాయసం గురించి చెప్పేసరికి బ్యాటరీ అయిపోయింది.

నాలుగో రోజు బ్రేవిస్ అనే ఊరి దగ్గర నది సన్నటి పాయలుగా చీలింది. చిన్న పిల్లలు తెడ్డు పడవల్లో ఎదురొచ్చారు, మా పడవవాళ్ళు బట్టలు ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టి వాళ్ళకోసం నీళ్ళలోకి విసిరారు. అక్కడి రేవులోనే పెద్దావిడ దిగిపోయింది. అటు కొస ఒక లాగు, ఇటు కొస ఒక లాగు. ఉయ్యాల చుట్టి చంకలో పెట్టుకుని మెట్లు దిగడానికి నిమిషం పట్టలేదు.

బెలేంలో నాది విప్పబోతే ఒక పక్క చక్కగా ఊడింది. రెండో పక్క, ఆఖరి రాత్రి వానజల్లుకి తడిసి నేను సొంతంగా మళ్ళీ వేసుకున్న ముడి, ఎంత లాగినా రాలేదు. వంటతని కత్తి అడిగి తాడు కోశాను. కోసిన ముక్క ఆ కొక్కేనికే ఉండిపోయింది.