మా అమ్మకి ఉక్కపోయట్లేదంట

కువైట్ వచ్చి తొమ్మిదేళ్ళండి, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇక్కడ నేను చూసుకునేది ఎనభై ఆరేళ్ళ ముసలావిడని, పనివాళ్ళం అందరం పెద్ద మామ అంటాం, ఇక్కడ మామ అంటే అమ్మ అని. కొత్తలో ఆవిడంటే నాకు చిరాకే. బయట జులై ఎండ, ఈ దేశంలో మిత్రిబా అనే చోట 2016లో 53.9 డిగ్రీలు కొట్టిందంటే చూసుకోండి, అలాంటి రోజుల్లో ఈవిడ ఉన్ని శాలువా కప్పుకుని బర్దానా బర్దానా అంటది, చలేస్తంది అని. ఇంట్లోవాళ్ళు ఏసీ 20లో పెట్టేవారు, నేనేమో చాదస్తం అనుకునేదాన్ని.

ఒకరోజు సాక్సులు మారుస్తుంటే ఆవిడ పాదాలు తెల్లారగట్ట కాలవలో చెయ్యి పెట్టినట్టున్నాయి. బీపీ చూడ్డానికి వచ్చే మలయాళీ నర్సు చెవిలో మిషన్ పెట్టి చూస్తే ఒంటి వేడి 35.4 డిగ్రీలు. ఇంకొంచెం దిగి 35 లోపుకి వెళ్తే హాస్పిటలే అంది. ఎడారి దేశంలో మనిషి ఇంట్లో కూర్చుని చల్లబడిపోవడమేంటి అని నాకు నవ్వాలో ఏడవాలో తెలీలా. అప్పుడు చెప్పింది, కండ కరిగిపోయాక ఒంట్లో వేడి పుట్టేదే తక్కువంట, వణుకు కూడా సరిగ్గా రాదంట. ఎండకీ అదే తంటా, చెమట తక్కువ పడద్ది, దాహం తెలీదు, పైగా బీపీకని ఒంట్లో నీరు లాగేసే బిళ్ళలు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, చలైనా వేడైనా ముసలాళ్ళకి ఆలస్యంగా తెలుస్తది, ఒక్కోసారి తెలీనే తెలీదు. నువ్వు అడిగితే లాభం లేదు, బట్టల కింద పొట్ట మీద చెయ్యి పెట్టి చూడు అంది.

అప్పట్నించి ఏసీ 25. ఆవిడ కూతురు వచ్చినప్పుడల్లా మళ్ళీ 20కి దించేసేది, జీతం ఇచ్చేవాళ్ళతో వాదన పెట్టుకోలేం కదా. టిష్యూ పేపరు ముక్క దారానికి కట్టి గాలి ఎక్కడ పడతందో చూసుకుని మంచం ఆ పక్క నించి జరిపేశాను. నాలుగు రోజుల్లో పెద్ద మామ శాలువా తీసేసింది.

ఇదంతా తెలిసిన మనిషిని, మొన్న మే నెల సెలవులో ఇంటికెళ్తే ఏవైందో వినండి. నా డబ్బులతోనే పాత పెంకుటిల్లు పీకించి స్లాబు వేయించాను, ఊళ్ళో అందరూ శభాష్ అన్నారు కూడా. రోహిణీ కార్తె, రాత్రి పది దాటినా గోడకి వీపు ఆనిస్తే అట్లపెనంలా ఉంది, పొద్దంతా తాగిన ఎండని స్లాబు రాత్రంతా కిందకి వదుల్తది. అమ్మ తలుపులేసుకుని దుప్పటి కప్పుకుని పడుకుంది. ఏమే ఉక్కగా లేదా అంటే నాకేం ఉక్కలేదే అమ్మాయ్, నీకు ఏసీలు అలవాటైపోయాయి అంది. పొట్ట మీద చెయ్యి పెట్టాను, కాలిపోతంది, చుక్క చెమట లేదు. నాలిక చూస్తే పెచ్చు కట్టేసింది.

వసారాలోకి తెచ్చి తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి ఫ్యాను పెట్టి గుక్క గుక్కగా నీళ్ళు పట్టాను. మాట తడబళ్ళేదు కాబట్టి సరిపోయింది, తడబడితే ఇవన్నీ చేస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే. ఫ్యాను ఉందిగా అంటాడు తమ్ముడు. గాలి 35 దాటి ఒంటి మీది చర్మం కన్నా వేడెక్కితే ఒట్టి ఫ్యాను ఇంట్లో వడగాలే, ఒళ్ళు తడిపితేనే పనిచేస్తది. కోనసీమ చెట్లున్నాయి చల్లగా ఉంటది అనేది సగం నిజం, ఆ గాల్లో తేమకి పట్టిన కాస్త చెమట కూడా ఆరదు.

ఏసీ పెట్టిస్తే మీటరు గిర్రున తిరిగిపోద్దని అమ్మ వెయ్యదు. స్లాబు మీద తెల్ల సున్నం కొట్టించి పైన కొబ్బరాకు పందిరి వేయించాను, గది వేడీ తేమా చూపించే చిన్న మిషన్ గోడకి తగిలించి వచ్చాను. దాన్లో టైము కూడా కనబడద్ది. నిన్న వీడియో కాల్లో ఎంతుందో చూడమ్మా అంటే కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చూసి తొమ్మిదీ పది అంది. దాని కిందదే అమ్మా అంటే, ముప్పై నాలుగుందిలే, నాకేం ఉక్కలేదు అంది.