ఆ ఏడాదిని లెక్కలోంచి తీసేశానని చెప్పిన రోజు (నా అనుభవం)

నిన్న సాయంత్రం మా సారు వానాకాలం ఇండెంట్ (కంపెనీలకు పెట్టే మందుల ఆర్డర్) మీద సంతకం పెట్టారు. దాని వెనక ఏడు వారాల నా పని ఉంది. ఆ ఏడు వారాల్లో ఒక శనివారం ఉంది. ఆ రోజు ఇంకా పచ్చిగా గుర్తుండగానే రాసేయాలని కూర్చున్నాను.

మాది హనుమకొండలో పురుగుమందుల డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు. పరకాల, శాయంపేట, రేగొండ, ములుగు, నర్సంపేట వైపు మందుల షాపులకు ఇక్కడి నుంచే మాల్ వెళ్తుంది. నేను డేటా అనలిస్టుగా చేరి ఏడాదిన్నర అయింది. ఏటా సీజన్ అయిపోయాక షాపుల నుంచి తిరిగొచ్చే మాల్ మా గోదాంలో పేరుకుపోతోంది. ఎక్స్‌పైరీ తేదీ దాటిన మందు అమ్మడానికి వీల్లేదు, కంపెనీలు అంతా వెనక్కి తీసుకోవు. ఏ మందు ఎంత తెప్పించాలో తేల్చమని సారు నాకు అప్పగించారు.

లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లోంచి ఐదేళ్ళ బిల్లులు తీసి, ఒకే మందును మూడు స్పెల్లింగులతో ఎక్కించిన చోటల్లా సరిచేసేసరికి రెండు వారాలు పట్టింది. లెక్క స్పష్టంగా వచ్చింది. మిర్చికి కొట్టే మందుల్లో నాలుగు రకాలు మేం అవసరానికి మించి తెప్పిస్తున్నాం, మూడో వంతు తగ్గించవచ్చు. షాపువారీగా అమ్మింది వేరే, తిరిగొచ్చింది వేరే విడదీసి చూసింది మా ఆఫీసులో నేనొక్కదాన్నే. ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను.

ఇక ఆ శనివారం. సారు, అకౌంట్స్ చూసే పెద్దాయన, గోదాం ఇన్‌చార్జి, ఐదుగురు సేల్స్ వాళ్ళు, అందరూ ఒకే గదిలో. నేను 22 స్లైడ్లు చేశాను, అన్నీ ఇంగ్లీషులో. హైదరాబాద్‌లో కోర్సు చేసినప్పుడు చివరి ప్రాజెక్టు అలాగే చెప్పించారు, అలా చెప్పినందుకే మెచ్చుకున్నారు.

నాలుగో స్లైడులో ఐదేళ్ళ అమ్మకాల గీత. 2021-22 దగ్గర తాటిచెట్టంత ఎత్తుకు లేచి, మళ్ళీ కింద పడింది. "ఇది ఔట్‌లయర్ సర్. దీనివల్ల అంచనా పాడవుతుందని తీసేశాను" అని తర్వాతి స్లైడు నొక్కబోయాను.

సేల్స్‌లో శాయంపేట, రేగొండ లైన్ చూసే సీనియర్ అన్న ఆపాడు. "ఔట్‌లయర్ అంటే ఏంది బిడ్డా?"

"మిగతావాటితో కలవని అంకె అన్నా. పక్కన పెట్టేస్తాం."

"ఆ ఏడు పక్కకు పెట్టినవా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదేమో. "ఆ ఏడు నల్ల తామర పురుగు వచ్చింది బిడ్డా. మా చిన్నాయన మూడెకరాల మిర్చి తోట ట్రాక్టర్ పెట్టి దున్నిచ్చిండు. పూతంత రాలిపోయింది. కొట్టిన మందే మళ్ళ కొట్టిన్రు, ఈ మందు కాదంటే ఆ మందు కొట్టిన్రు. నీ గీత అంత పైకి లేసింది అందుకే."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు అకౌంట్స్ పెద్దాయన, "ఆ ఏటి ఉద్దెర ఇంకా నా పుస్తకంల ఉన్నది. అమ్మాయి కంప్యూటర్ల లేనట్టుంది" అని నవ్వాడు. ఇద్దరు ముగ్గురు కలిశారు. నా చెవులు వేడెక్కాయి. క్లిక్కర్ ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు.

సారు లాప్‌టాప్ మూసేయమన్నారు. "రెండే ముచ్చట్లు చెప్పమ్మా. తక్కువ తెప్పిస్తే నాకు ఎన్ని పైసలు మిగుల్తయి? పురుగు మళ్ళొస్తే నా షాపులకు మందు ఎట్ల అందుతది?"

నా అంచనా ఎంత శాతం తప్పుతుందో చెప్పమంటే చెప్పేదాన్ని. ఈ రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. "ముందు మన దిక్కు ఏం జరిగిందో తెలుసుకుని రా" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి అన్నం తినలేదు. అందరి ముందూ మాట పడ్డందుకు కాదు. 2021లో నేను హైదరాబాద్ హాస్టల్లో చదువుకుంటున్నాను. మా ఇంటి నుంచి గంట దూరంలో తోటలకు తోటలు దున్నేస్తుంటే, నాకు అది నాలుగేళ్ళ తర్వాత గ్రాఫులో ఒక ఎత్తుగా కనిపించింది. దాన్ని పద్ధతిగా తీసేశానని గర్వపడ్డాను కూడా.

కోర్సులు నడిపేవాళ్ళకు ఒక మాట. నా దగ్గర 60 వేలు తీసుకుని పైథాన్ నేర్పారు, పవర్ బీఐ నేర్పారు. ఆ చార్టు ముందు కూర్చునే మనిషికి ఏం పోతుంది, ఏం మిగులుతుంది అని ఒక్క రోజు కూడా అడిగించలేదు. అది నేర్పకుండా సర్టిఫికెట్ ఇవ్వడం అన్యాయం.

సోమవారం పొద్దున్నే అన్న దగ్గరికి వెళ్ళి, మీ లైన్‌లో రెండు రోజులు తిప్పమని అడిగాను. బండి మీద శాయంపేట, రేగొండ వైపు తీసుకెళ్ళాడు. ఒక షాపాయన ఆ ఏటి చిట్టా తీసి చూపించాడు. నల్ల తామర పురుగు పూలల్లో చేరి రసం పీలుస్తుంది, పూత రాలుతుంది, కాయ నిలవదు. మన దేశంలో 2015లో మొదట బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించిన పురుగు అది. 2021లో తెలుగు రాష్ట్రాల మిర్చి మీద విరుచుకుపడింది. ఎడాపెడా మందులు కొడితే దాన్ని తినే మేలు చేసే పురుగులే చచ్చాయి. "ఏనుమాముల మార్కెట్‌కు పోవాల్సిన బస్తాలు చేన్లనే పోయినయి. నా పైసలు ఎక్కడికెళ్ళి వస్తయి?" అన్నాడాయన.

ఆ మాటతో నాకు దారి దొరికింది. తిరిగొచ్చి అమ్మకాల గీత పక్కన వసూళ్ళ గీత గీశాను. అమ్మకం అన్నిటికన్నా ఎక్కువున్న ఏడాదే వసూలు శాతం అన్నిటికన్నా తక్కువ. సారుకు నష్టం తెచ్చింది మిగిలిన మాల్ ఒక్కటే కాదు, రాని ఉద్దెర కూడా. నేను తీసేసిన ఏడాదిలోనే అది ఉంది.

నా సిఫారసు కూడా మారింది. మూడో వంతు తగ్గించడం కాదు, ఆపి ఉంచడం. రెండు వంతులు ఇప్పుడు తెప్పించాలి. మిగతాది అక్టోబరులో పూత మొదలయ్యాక చేన్లు చూసి నిర్ణయించాలి. హైదరాబాద్ డిపోకు ఫోన్ చేసి అడిగాను, ఆర్డర్ పెట్టిన రెండో రోజుకు లారీ మా గోదాంకు వస్తుంది.

ఈసారి అందరినీ ఒకచోట కూర్చోబెట్టలేదు. మీరూ కూర్చోబెట్టకండి. ఒక్కొక్కరి దగ్గరికి వాళ్ళ టేబుల్ దగ్గరికే వెళ్ళాలి, మీటింగు ఆఖరున పెట్టుకోవాలి.

గోదాం ఇన్‌చార్జికి ఏ ర్యాక్‌లోది ముందు పంపాలో తేదీలవారీగా ఒక కాగితం ఇస్తే గోడకు అంటించుకున్నాడు, అంతే.

సేల్స్ వాళ్ళకు శాతాలు చెప్తే కదల్లేదు. "రేగొండ షాపుకు 40 కేసులు కాదు, ఇప్పుడు 27" అంటే రాసుకున్నారు. కానీ అసలు చిక్కు వేరే. వాళ్ళ ఇన్సెంటివ్ బిల్లు మీద లెక్కేస్తారు, తిరిగొచ్చిన మాల్ అందులోంచి పోదు. ఎక్కువ అంటగట్టినవాడికి ఎక్కువ డబ్బు. తిరిగొచ్చింది తీసేసి ఇన్సెంటివ్ ఇవ్వాలని సారుకు చెప్పాను. ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. పర్వాలేదు, ఆ మాట ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

అకౌంట్స్ పెద్దాయనకు షాపువారీ బకాయిల పట్టిక ఇచ్చాను. రెండు క్రెడిట్ నోట్లు (తిరిగొచ్చిన మాల్‌కు షాపు బాకీలోంచి తగ్గించే కాగితాలు) నేను రెండేసి సార్లు లెక్కపెట్టానని పది నిమిషాల్లో పట్టుకున్నాడు. సరిచేశాను, థాంక్స్ కూడా చెప్పాను. ఆ నవ్వు మాత్రం మర్చిపోలేదు.

సారుకు అరపేజీ, తెలుగులో. ఆ మూడో వంతు ఇప్పుడు తెప్పించకపోతే చేతిలో ఉండే డబ్బు 14 లక్షలు. పురుగు వస్తే రెండు రోజుల్లో మాల్ వస్తుంది, ఆ 14 లక్షలు దానికోసం కదపకుండా ఉంచాలి. పాత బకాయి ఉన్న షాపులకు ఆ సమయంలో ఉద్దెర ఎంతవరకు ఇవ్వాలో ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. కింద రెండు గీతలు, 2021-22తో సహా. ఆ ఏడాది దగ్గర "నల్ల తామర పురుగు" అని చేత్తో రాశాను.

సారు ఆ గీతల దగ్గరే చాలాసేపు ఆగారు. "ఇది ముందే చూపిస్తే అయిపోతుండె కదమ్మా" అని సంతకం పెట్టి, ఆ కాగితాన్ని ఫైలులో కాకుండా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నారు.

అక్టోబరులో పూత చూడటానికి నన్నూ చేన్లకు తీసుకెళ్తానని అన్న చెప్పాడు. ముందుగా వాళ్ళ చిన్నాయన దగ్గరికట. ఈసారి ఎకరంన్నర మిర్చి పెడుతున్నాడు.