పోలీసుల పాత పిస్టల్, నా క్యాలిబర్ తిప్పలు

పల్నాడులో మా తాతకి ఒక ఒంటి గొట్టం తుపాకీ ఉండేది. మిరప చేలో పడే అడవిపందుల్ని బెదరగొట్టడానికి లైసెన్సు మీద తీసుకున్నది. ఎలక్షన్లు వస్తున్నాయంటే చాలు, దాన్ని పాత పంచెలో చుట్టుకుని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లి అప్పజెప్పి, రసీదు తెచ్చి ట్రంకు పెట్టెలో దాచేవాడు. ఆయన దాన్ని పేల్చగా నేను చూసింది రెండుసార్లే. స్టేషన్‌కి మోసుకెళ్లడం చూసింది మాత్రం చాలాసార్లు.

నలభై రెండేళ్లొచ్చాక డాలస్ పక్కన ఒక గన్ షాపు కౌంటర్ ముందు నిలబడి, ఏ పిస్టల్ కొనాలో తేల్చుకోలేక జుట్టు పీక్కుంటానని అప్పుడు ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి.

ఆఫీసులో పరిచయమైన కరీంనగర్ కుర్రాడు ఒకడు నన్ను రెండేళ్ల కిందట షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లాడు. తర్వాత అదొక అలవాటైంది. వెళ్లిన ప్రతిసారీ అద్దె పిస్టల్ తీసుకోవడం, అది ఒకసారి ఒక రకం, ఇంకోసారి ఇంకో రకం కావడంతో చేయి కుదిరేది కాదు. నిజానికి సొంతది కొనడానికి అంతకుముందు నాకు దారే లేదు. పదకొండేళ్లు హెచ్1బీ మీద ఉన్నాను. ఆ వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ కొనకూడదు. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది గానీ, వీసా మీద ఉండి అలాంటి సందులు వెతికే ధైర్యం నాకు లేదు. గ్రీన్ కార్డు వచ్చాకే ఆ ఆలోచన చేశాను.

"అన్నా, కొత్తది కొనకు. పోలీస్ ట్రేడ్-ఇన్ చూడు" అన్నాడు కుర్రాడు.

అంటే ఏంటంటే, ఇక్కడ పోలీసు డిపార్ట్‌మెంట్లు కొన్నేళ్లకోసారి పిస్టళ్లు మారుస్తాయి. పాతవి డీలరుకి ఇచ్చేసి, ఆ విలువని కొత్తవాటి బిల్లులో తగ్గించుకుంటాయి. మనం పాత ఫ్రిజ్ ఇచ్చి కొత్తది తెచ్చుకున్నట్టే. కొన్ని ఊళ్లు మాత్రం అలా ఇవ్వకుండా కరిగించేస్తాయి. డీలరుకి చేరినవి షాపుల్లోకి వస్తాయి. పోలీసు పిస్టల్ రోజంతా నడుముకి వేలాడుతుంది గానీ, పేలేది చాలావరకు ఏడాదికి కొన్నిసార్లు జరిగే క్వాలిఫికేషన్ పరీక్షలోనే, అంటే గురి పరీక్షలోనే. అందుకే పైన గీతలు, లోపల కొత్తదనం.

షాపు గాజుపెట్టెలో ట్రేడ్-ఇన్‌ల వరస చూశాను. గ్లాక్ కంపెనీ మోడల్ 22 అయితే 319 డాలర్లు. పక్కనే గ్లాక్ 17, దాదాపు అదే సైజు, అదే తరం, 419. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. వంద డాలర్ల తేడా ఎందుకని అడిగాను. కౌంటర్ వెనక ఉన్న పెద్దాయన రిటైరైన పోలీసు. "అది ఫార్టీ, ఇది నైన్" అని ఊరుకున్నాడు, అంతకంటే చెప్పాల్సిందేమీ లేనట్టు. అది .40 క్యాలిబర్‌ది, ఇది 9 ఎం.ఎం.ది అని. క్యాలిబర్ అంటే గుండు అడ్డకొలత.

మిగతాది ఇంటికొచ్చి చదువుకున్నాను. నిజం చెప్పాలంటే ఈ వ్యవహారం మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం అదే.

1986 ఏప్రిల్ 11న మయామిలో ఇద్దరు బ్యాంకు దొంగలకీ ఎఫ్‌బీఐ వాళ్లకీ కాల్పులు జరిగాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. దొంగల్లో ఒకడికి మొదట్లోనే 9 ఎం.ఎం. తూటా తగిలింది. చేతిలోంచి దూసుకుని ఛాతీలోకి వెళ్లి గుండె దాకా చేరకుండా ఆగిపోయింది. వాడు ఆ దెబ్బతోనే ఇంకా కాలుస్తూ పోయాడు. తప్పంతా తూటాదేనన్న మాట బలపడింది. ఎఫ్‌బీఐ 10 ఎం.ఎం. వైపు వెళ్లింది. అది చాలామంది చేతుల్లో మరీ గట్టిగా తన్నింది. తూటాలో తుపాకీ మందు తగ్గించి వాడారు. మందు తగ్గాక అది నింపే ఇత్తడి గొట్టంలో చోటు ఖాళీయే కదా అని, స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ కంపెనీలు కలిసి గొట్టాన్ని పొట్టి చేసి 1990లో .40 ఎస్ అండ్ డబ్ల్యూ తెచ్చాయి. 9 ఎం.ఎం. సైజు పిస్టల్‌లో పట్టేది, బరువైన గుండు వదిలేది. దేశమంతా పోలీసులు అదే కొన్నారు. 1997 నుంచి ఎఫ్‌బీఐ కూడా గ్లాక్ 22, 23లే.

తర్వాత గుళ్ల తయారీ బాగుపడింది. కొత్త రకం 9 ఎం.ఎం. కూడా కావలసినంత లోతుకి వెళ్లి, లోపల సరిగ్గా విచ్చుకోవడం మొదలుపెట్టింది. దాంతో 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం మళ్లీ 9 ఎం.ఎం.కే ఓటేసింది. ఎక్కువమంది దాంతోనే త్వరగా, గురిగా కాల్చగలుగుతున్నారు, పైగా తూటాలూ ఎక్కువ పడతాయి అని. 2016లో గ్లాక్ కంపెనీకే 9 ఎం.ఎం. పిస్టళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. మిగతా డిపార్ట్‌మెంట్లూ ఆ దారే పట్టాయి. వాళ్లు వదిలేసిన ఫార్టీలన్నీ ఒక్కసారిగా షాపుల మీద పడ్డాయి. ఆ 319 డాలర్ల వెనక ఉన్న కథ ఇది. పిస్టల్‌లో లోపమేమీ లేదు.

ఇంతా చదివాక నాకు ఫార్టీ మీదే మనసైంది. చవక, పైగా పెద్ద గుండు. మనవాళ్లకి పెద్దది చవగ్గా వస్తుందంటే ఆగుతామా?

రేంజ్‌లో రెండూ అద్దెకి తీసుకున్నాను. మా ఆవిడ కూడా వచ్చింది, నా మీద నమ్మకం లేక. ఫార్టీలో 180 గ్రెయిన్ల గుండు, అంటే పదకొండున్నర గ్రాముల పైన. 9 ఎం.ఎం.లో నేను వాడింది 115 గ్రెయిన్లది, ఏడున్నర గ్రాములు. మొదటి తూటాకి రెండింటితోనూ కాగితం మధ్యలోనే కొట్టాను. తేడా రెండో తూటాకి తెలిసింది. ఫార్టీ మణికట్టు దగ్గర విరుచుకున్నట్టు పైకి ఎగిరేది, మళ్లీ గురి కుదిరేసరికి ఒక క్షణం పోయేది. యాభై తూటాలయ్యేసరికి, పేలకముందే నేను కళ్లు మూస్తున్నానని కుర్రాడు పట్టేశాడు. మా ఆవిడ ఫార్టీతో పది కాల్చి పక్కన పెట్టేసింది. 9 ఎం.ఎం.తో మాత్రం నాకంటే బాగా కొట్టింది. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది, నేను తీసేద్దామన్నా ఒప్పుకోదు.

కారులో కూర్చుని లెక్క వేశాను. మా దగ్గర 9 ఎం.ఎం. యాభై తూటాల డబ్బా 14 డాలర్లు, ఫార్టీ 20. ఇద్దరం కలిసి నెలకి రెండు వందలు కాలిస్తే ఒకటి 56, రెండోది 80. నెలకి 24 డాలర్ల తేడా. పిస్టల్ మీద మిగిలిన వంద అయిదో నెలకల్లా ఆవిరి. మ్యాగజైన్‌లో, అంటే పిడిలో పెట్టే తూటాల పెట్టెలో కూడా 22కి పదిహేను, 17కి పదిహేడు పడతాయి.

కుర్రాడు ఇంకో దారి చెప్పాడు. గ్లాక్ 22 కొని, అందులో పట్టే 9 ఎం.ఎం. మార్పిడి బ్యారెల్ (గుండు బయటికొచ్చే గొట్టం), 9 ఎం.ఎం. మ్యాగజైన్లు విడిగా కొనుక్కోవచ్చట. నిజమే, చాలామంది చేస్తారు. బ్యారెల్‌కీ మ్యాగజైన్లకీ అయ్యే ఖర్చు చూస్తే ఆ వంద అక్కడే పోతోంది. వద్దనుకున్నాను. షాపు పెద్దాయన .357 సిగ్ అనే ఇంకో క్యాలిబర్ పిస్టల్ కూడా ఒకటి చూపించాడు, ఇంకా చవక. ఆ తూటాలు మా ఊరి మామూలు షాపుల్లో కనబడవు. అక్కడితో ఆ మాట ఆపేశాను. .45 అనుకోలేదు, తూటా ఇంకా ఖరీదు.

ఇంకోమాట, ఇండియాలో మామూలు మనిషికి 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు (బోరన్నా క్యాలిబరే). లైసెన్సున్నా ఇవ్వరు, అందుకే అక్కడ .32 పిస్టళ్లు. ఇక్కడేమో అది షెల్ఫులో చవగ్గా దొరుకుతుంది.

శనివారం వెళ్లి ఉన్న మూడు గ్లాక్ 17లూ బయట పెట్టించాను. ముందు ఖాళీగా ఉందో లేదో షాపు పెద్దాయన చూసి, నాకు చూపించి, నన్నూ చూడమన్నాడు. స్లైడ్, అంటే పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం, వెనక్కి లాక్ చేసి బ్యారెల్‌లోకి లైటు వేసి చూడటం ఆయనే నేర్పాడు. లోపల ఉంగరంలా నల్లటి నీడ కనబడితే బ్యారెల్ ఉబ్బిందని అర్థమట. తూటాని పేల్చే సూది, అదే ఫైరింగ్ పిన్, దాని రంధ్రం చుట్టూ లోహం ఎంత అరిగిందో చూస్తే ఎంత కాల్చారో అంచనా వస్తుంది. ట్రిగ్గర్ నొక్కి అలాగే పట్టుకుని స్లైడ్ లాగి, వేలు మెల్లగా వదిలితే టక్కుమని శబ్దం రావాలి. స్లైడ్ అంచుల్లో నలుపు పోయి వెండి రంగు తేలింది, అది హోల్‌స్టర్ (నడుముకి కట్టే పిస్టల్ ఒర) రాపిడి. దాని గురించి బెంగ పెట్టుకోవద్దన్నాడు, తుప్పుని ఆపేది ఆ నలుపు కాదు, దాని కింద ఉక్కుకి చేసిన ట్రీట్‌మెంట్. పిడికి కుడివైపు నున్నగా అరిగిపోయి ఉంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. "సీటు బెల్టు" అన్నాడాయన. ఎవరో ఏళ్ల తరబడి ఆ పిస్టల్ నడుముకి పెట్టుకుని పెట్రోలింగ్ కారులో తిరిగి ఉంటారు. స్లైడ్ కింద చేత్తో చెక్కిన 47 అనే అంకె ఉంది. అదే తీసుకున్నాను.

చీకట్లో మెరిసే గురిచుక్కలు, అదే నైట్ సైట్లు ఉన్నాయని సంబరపడ్డాను గానీ చీకట్లో చూస్తే మిణుగురు చచ్చిపోయినంత వెలుగు. లోపల ఆ వెలుగునిచ్చే ట్రిషియం పన్నెండేళ్ల చిల్లరకి సగమైపోతుంది. వాటికి డబ్బు ఎక్కువ ఇవ్వకండి.

డబ్బు కట్టే ముందు తుపాకీ కొనేవాళ్ల కేంద్ర ప్రభుత్వ ఫారం 4473 నింపాలి. అక్కడ నా బండి ఆగింది. ఇల్లు మారి ఆరు నెలలైంది, డ్రైవింగ్ లైసెన్సు మీద పాత అడ్రసే. టెన్షన్ పడ్డాను. కారు రిజిస్ట్రేషన్ కొత్త అడ్రసు మీద ఉంది, అది కూడా ప్రభుత్వం ఇచ్చిన కాగితమే కాబట్టి లైసెన్సుతో కలిపి చాలన్నాడు పెద్దాయన. ఫారంలో గ్రీన్ కార్డు నంబరు అడుగుతారు, పుట్టిన దేశం అడుగుతారు. గంజాయి వాడతారా అన్న ప్రశ్న పక్కనే, మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా కేంద్రం దృష్టిలో నేరమేనని హెచ్చరిక. ఇంకో ప్రశ్న, ఇది మీ కోసమేనా అని. ఇంకా హెచ్1బీ మీదే ఉన్న మిత్రుడొకడు "నాకూ ఒకటి నీ పేరు మీద తీసుకురా" అన్నాడు అంతకుముందు. నవ్వుతూ అన్నా సరే, అది జైలుకి పోయే పని. ఆ మాట వాడికి ఆ సాయంత్రమే చెప్పాను.

ఫారం చూసుకుంటూ పెద్దాయన నా వివరాలు నేరచరిత్ర తనిఖీకి ఎఫ్‌బీఐ వాళ్లకి పంపాడు. ముగ్గురు మనుషుల ముందు నిలబడి స్క్రీన్ చూస్తున్నాను. "డిలేడ్" అని వచ్చింది. వెనకున్నాయన నా వైపు ఒక చూపు చూశాడు. ఇంటిపేరుతో కలిపి ఇరవై తొమ్మిది అక్షరాల పేరు నాది, ఎవరితో పోలిందో ఏమో! కారణం చెప్పరు. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే ఇవ్వాలా వద్దా అన్నది షాపువాడి ఇష్టం. ఇంటికి ఖాళీ చేతులతో వచ్చాను. ఆదివారమంతా నేనేదో నేరం చేసినట్టు ఇంట్లో నడిచాను. మంగళవారం మధ్యాహ్నం "ప్రొసీడ్", అంటే ఇవ్వొచ్చని, ఫోనొచ్చింది.

మొదటిరోజు రేంజ్‌లోనే ఒక మ్యాగజైన్ మొరాయించింది. చివరి రెండు తూటాలు పైకి రావు. స్ప్రింగ్ నీరసించిపోయింది. కొత్త మ్యాగజైన్ స్ప్రింగులూ, స్లైడ్‌ని ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగూ వేయించాను, పెద్ద ఖర్చేం కాలేదు. పాతది కొన్నవాళ్లు ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి. మంచం పక్కన గోడకి బిగించిన, వేలిముద్రకి తెరుచుకునే పెట్టె మాత్రం పిస్టల్ ధరలో సగం మింగింది. మా పాపకి తొమ్మిదేళ్లు. పదిహేడు లోపు పిల్లల చేతికి తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో నేరం. చట్టం లేకపోయినా మా ఆవిడ ఆ పెట్టె లేకుండా ఇంట్లోకి రానిచ్చేది కాదు.

సంక్రాంతికి నాన్నతో మాట్లాడుతూ చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కలెక్టరేట్ నుంచి లైసెన్సు రావడానికి ఎన్నాళ్లు పట్టిందని అడిగాడు. లైసెన్సే లేదు, మూడు రోజుల్లో చేతికొచ్చిందన్నాను. కాసేపు ఏమీ అనలేదు.

"మరి ఎలక్షన్లప్పుడు ఏ స్టేషన్లో అప్పజెప్తావురా?" అన్నాడు.