సీతాఫలం, మీగడ, 45 మి.లీ. వోడ్కా

దసరా దాటాక అమ్మ ఊరి నుంచి వస్తే సంచిలో సీతాఫలాలు ఉండాల్సిందే. మాది జడ్చర్ల వైపు పల్లె. బాలానగర్ రకం సీతాఫలానికి పేరిచ్చిన బాలానగర్ మాకు దగ్గరే. కండ్లు విచ్చుకుని, గీతల మధ్య తెలుపు కనిపించే కాయలే అమ్మ తెస్తుంది. బియ్యం డబ్బాలో పెడితే రెండు మూడు రోజుల్లో మాగిపోతాయి. ఆ పండుతోనే నేను, నా భార్య ఏడాదికి నాలుగైదు సార్లు కాక్‌టెయిల్ చేసుకుంటాం.

ఇది కుదరడానికి రెండు సీజన్లు పట్టింది. మొదటిసారి నిమ్మరసం పిండాను. కాక్‌టెయిల్ అంటే పులుపు ఉండాలి అనుకున్నాను. గ్లాసులో మీగడ విరిగి పలుకులు పలుకులుగా తేలింది. పులుపు ఎక్కువైతే పాలలోని ప్రొటీన్ గడ్డకడుతుంది, పెరుగు తోడుకునేదీ అలాగే. సీతాఫలంలో పులుపు చాలా తక్కువ, అందుకే మీగడతో గొడవ పడదు. దానికి నిమ్మకాయ అక్కర్లేదు. రెండోసారి గుజ్జును పంచదారతో ఉడికించి సిరప్ చేయబోయాను. చేదెక్కింది. ఈ పండుకు వేడి పడదు. మామిడితో చేసే పనులన్నీ దీనితో చేయకూడదని అప్పుడు అర్థమైంది.

అసలు పనంతా గుజ్జు తీయడంలోనే ఉంది. మిక్సీ జోలికి వెళ్లొద్దు. పోయినేడు నేను జార్ బయటికి తీస్తుంటే అమ్మ నా చేయి పట్టుకుంది.

"గింజ పలిగితే ఎట్లరా? గింజల పొడి పేన్లకు పెడ్తరు. అది కడుపుల పడొద్దు."

అమ్మ మాట అక్షరాలా నిజం. ఆ గింజలో విషం ఉంటుంది, కంట్లో పడినా ప్రమాదమే. అందుకే పెద్ద కన్నాల జల్లెడలో తొనలు వేసి, కింద గిన్నె పెట్టి, వేళ్లతో మెల్లగా రుద్దుతాం. గింజలు నల్లగా మెరుస్తూ పైనే మిగులుతాయి. గుజ్జు తీసి ఉంచితే రంగు మారుతుంది కాబట్టి గ్లాసులు, ఐస్, మీగడ అన్నీ ముందే సిద్ధంగా పెట్టుకుని చివర్లో ఈ పనికి కూర్చుంటాం.

ఒక గ్లాసుకు మా కొలత: గుజ్జు 90 గ్రాములు (మోస్తరు పండు ఒకటి చాలు), వోడ్కా 45 మి.లీ., ఫ్రెష్ క్రీమ్ 30 మి.లీ., చల్లటి పాలు 30 మి.లీ., కండెన్స్‌డ్ మిల్క్ ఒక చెంచా, చిటికెడులో సగం ఉప్పు. గట్టి మూత ఉన్న స్టీల్ డబ్బాలో గుప్పెడు ఐస్‌తో పదిహేను సెకన్లు బాగా ఊపాలి. డబ్బా పట్టుకోలేనంత చల్లబడితే అయినట్టే. అదే జల్లెడలో వడగట్టి, ఫ్రిజ్‌లో పెట్టిన గ్లాసులో పోసి, పైన పిస్తా పలుకులు వేయాలి.

వోడ్కా మామూలుదే తీసుకోండి, వెనీలా ఫ్లేవర్ వద్దు. రమ్ము, విస్కీ తమ వాసననే ముందుకు తెస్తాయి. సీతాఫలం వాసన చాలా సున్నితం, తొక్కేస్తే మళ్లీ లేవదు. యాలకులు కూడా అందుకే వేయను. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫల్ ఐస్‌క్రీమ్ తిన్నవాళ్లకు నేను దేని కోసం తాపత్రయపడుతున్నానో తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: మన దగ్గర దొరికే వోడ్కా ఎక్కువగా 42.8 శాతం ఉంటుంది. ఆ ఘాటు తీపిలో కనపడదు. మేం ఒక్క గ్లాసుతో ఆపేస్తాం.

అమ్మకు ఇందులో మందు ఉందని తెలుసు. ఈత కల్లు చూసి పెరిగిన మనిషి, ఏమీ అనదు. ఆమెకు వోడ్కా లేకుండా వేరే గ్లాసు కలుపుతాను. మొన్న ఆదివారం అది తాగి, చెంచాతో అడుగుది కూడా గీకి తిని, "పాలు జర తగ్గియ్యి, పండు ఇంకొంచెం ఎయ్యి" అంది. తర్వాతి గ్లాసుకు పాలు 20 మి.లీ. పోశాను. అలాగే బాగుంది.